కాగితం మీద పండిన పంట

సముద్రాలు దాటే సేంద్రియ పంట తరఫున సాక్ష్యం చెప్పేది దాని వెంట వెళ్లే కాగితమే. ఆ కాగితమే అబద్ధమాడితే దెబ్బ ఎవరికి తగులుతుంది? కాలిఫోర్నియాలోని ఒక రేవు నుంచి మన మన్యం దాకా సాగిన యథార్థ గాథ.

2016 డిసెంబరు. అమెరికా పడమటి తీరం.

పసిఫిక్ మీదుగా వచ్చే సరుకు ఓడ గోల్డెన్ గేట్ వంతెన కింద నుంచి లోపలికి వచ్చాక కూడా స్టాక్టన్ రేవు చేరడానికి దాదాపు 75 నాటికల్ మైళ్లు వెళ్లాలి. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం దాటాలి. ఇరువైపులా పొలాలు కనిపిస్తుండగా శాన్ వాకీన్ నది పాయ వెంట మెల్లగా ఎగువకు సాగాలి. సముద్రం నుంచి అంత లోపల, వ్యవసాయ సీమ నడిబొడ్డున ఉన్న రేవు అది.

ఆ నెలలో ఆ దారినే 600 అడుగుల పొడవున్న ఓడ ఒకటి వచ్చి స్టాక్టన్‌లో ఆగింది. దాని నిండా సోయా గింజలు. మొత్తం 3 కోట్ల 60 లక్షల పౌండ్లు. మన లెక్కలో చెప్పాలంటే లక్షా అరవై వేల క్వింటాళ్ల పైమాటే.

రేవులో ఎవరికీ అనుమానం రాలేదు. సోయా గింజను అరచేతిలో వేసుకుని ఎంతసేపు చూసినా అది యూరియాతో పెరిగిందో, పశువుల పెంటతో పెరిగిందో చెప్పలేం. రంగు అదే, వాసన అదే, బరువూ అదే. తేడా అంతా సరుకు వెంట వచ్చిన కాగితాల్లో ఉంది. ఆ కాగితాలు 'ఆర్గానిక్' అన్నాయి. ఆ ఒక్క మాటకే కొనేవాళ్లు ఎక్కువ ధర కట్టారు. సేంద్రియ పాలు, సేంద్రియ గుడ్లు అని అమ్మాలంటే ఆవుకూ కోడికీ పెట్టే దాణా కూడా సేంద్రియమే అయి ఉండాలి. అందుకే అక్కడ సోయాకూ మొక్కజొన్నకూ అంత గిరాకీ.

ఓడలోంచి గింజలు దిగాయి. లారీలు కదిలాయి. కథ అక్కడితో ముగిసిపోవలసింది.

వెనక్కి నడిచిన కాగితాలు

ముగియలేదు. ఆ ఓడ తాలూకు రసీదులు, ఇన్‌వాయిస్‌లు, రవాణా పత్రాలు 'వాషింగ్టన్ పోస్ట్' పత్రికకు దొరికాయి. విలేకరి పీటర్ హోరిస్కీ ఆ కాగితాలను ముందేసుకుని సరుకు నడిచిన దారిలో వెనక్కి నడిచాడు. స్టాక్టన్ నుంచి టర్కీకి, టర్కీ నుంచి ఉక్రెయిన్‌కు. 2017 మే నెలలో ఆయన కథనం అచ్చయ్యాక అమెరికా సేంద్రియ వ్యాపారమంతా ఉలిక్కిపడింది.

ఉక్రెయిన్‌లో బయల్దేరినప్పుడు అవి మామూలు సోయా గింజలు. మామూలు గింజలకు పట్టించినట్టే వాటికీ పురుగు మందు పొగ పట్టించారు. మామూలు ధరే కట్టారు. అక్కడి నుంచి సరుకు టర్కీకి చేరింది. కాలిఫోర్నియా వచ్చేసరికి అదే గింజ 'యూఎస్‌డీఏ ఆర్గానిక్' అయిపోయింది.

ఈ మార్పుతో సరుకు విలువ సుమారు 40 లక్షల డాలర్లు పెరిగింది. అప్పటి మారకం ప్రకారం దాదాపు 27 కోట్ల రూపాయలు. ఆ డబ్బు కోసం ఏ రైతూ అదనంగా ఒక్క చాలు దున్నలేదు, ఒక్క కలుపు మొక్క పీకలేదు. అదంతా కాగితం మీద పండింది.

పత్రిక ప్రశ్నించాక, సరుకు అమ్మిన దళారీ సంస్థ ఒక ప్రకటన పంపింది. తూర్పు యూరప్ నుంచి వచ్చిన కొన్ని ధాన్యం సరుకుల విషయంలో తమకు తప్పుడు ధ్రువపత్రాలు అంది ఉండవచ్చని దాని సారాంశం. అప్పటికే ఆ గింజల్లో సుమారు 2 కోట్ల 10 లక్షల పౌండ్లు కొనుగోలుదారుల చేతికి వెళ్లిపోయాయి.

అది ఒక్క ఓడతో ఆగిన కథ కూడా కాదు. ఇలాంటివే మరో రెండు సరుకులను ఆ పత్రిక బయటపెట్టింది. టర్కీ నుంచి అమెరికాకు వచ్చే సేంద్రియ మొక్కజొన్న 2014లో 15 వేల టన్నులు. 2016 నాటికి అది 3 లక్షల 99 వేల టన్నులు. సోయా 14 వేల టన్నుల నుంచి లక్షా 65 వేల టన్నులకు ఎగబాకింది. పొలాన్ని సేంద్రియానికి మార్చాలంటే మూడేళ్లు పడుతుంది. అలాంటిది రెండేళ్లలో ఇంత పంట ఎక్కడి నుంచి ఊడిపడింది? ఈ ప్రశ్న ఒక్కటి వేసుకున్నా చాలు, రేవులో అలారం మోగాల్సింది.

కంచెకు కన్నం ఎక్కడ?

అమెరికాకు చట్టం లేక కాదు. సేంద్రియ ఆహార ఉత్పత్తుల చట్టం అక్కడ 1990లోనే వచ్చింది. దాని నిబంధనలు 2002 అక్టోబరు నుంచి పూర్తిగా అమల్లో ఉన్నాయి. కోతకు ముందు 36 నెలలపాటు ఆ నేలలో నిషేధిత ఎరువు గానీ, మందు గానీ పడకూడదు. గుర్తింపు పొందిన సంస్థ ఏడాదికోసారి వచ్చి తనిఖీ చేయాలి. తయారైన ఆహారంలో ఉప్పు, నీళ్లు మినహాయించి కనీసం 95 శాతం సేంద్రియమైతేనే దాన్ని 'ఆర్గానిక్' అనాలి. ఇవన్నీ గట్టి నిబంధనలే.

కానీ ఈ తనిఖీలన్నీ పొలం చుట్టూ, మిల్లు చుట్టూ తిరిగాయి. పొలానికీ మిల్లుకూ మధ్య, దేశానికీ దేశానికీ మధ్య సరుకును చేతులు మార్చే మనిషి మీద ఎవరి కన్నూ పడలేదు. సరుకును విప్పకుండా, దంచకుండా, కేవలం కొని అమ్మే దళారికి చాలా సందర్భాల్లో ధ్రువీకరణే అక్కర్లేకపోయింది. అతను ముట్టుకునేది కాగితాన్నే. మోసం జరిగేది కూడా ఆ కాగితంలోనే.

రెండో కన్నం రేవులోనే ఉండేది. యూరప్, జపాన్ వంటి, ఒప్పందం ఉన్న దేశాల సరుకుకు విడిగా దిగుమతి పత్రం అడిగేవారు. టర్కీ, ఉక్రెయిన్ వంటి చోట్ల నుంచి వచ్చే సరుకుకు ఓడ ఓడకూ అలాంటి పత్రం ఉండాలన్న నిబంధన అప్పట్లో లేదు. మామూలు సేంద్రియ ధ్రువపత్రం చూపిస్తే సరిపోయేది. పది ఎకరాలకు తీసుకున్న ధ్రువపత్రాన్ని వెయ్యి ఎకరాల పంటకు వాడుకున్నా లెక్క తేల్చే యంత్రాంగం ఉండేది కాదు.

మూడో కన్నం మరీ బాధ కలిగించేది. 2017 సెప్టెంబరులో అమెరికా వ్యవసాయ శాఖ సొంత ఆడిట్ విభాగమే ఆ సంగతి రాసింది. రేవుల్లో సేంద్రియ పత్రాలను సరిగా పరిశీలిస్తున్నారన్న భరోసా లేదని తేల్చింది. పైగా పురుగు కనిపించిన సరుకుకు రేవులోనే మందు పొగ పట్టించేవారు. ఆ తర్వాత అది సేంద్రియ సరుకుగా అమ్ముడుపోకుండా ఆపే ఏర్పాటు ఉండేది కాదు. అంటే పొలంలో నిజాయతీగా పండిన పంట కూడా రేవులో తన స్వభావం పోగొట్టుకుని, పేరు మాత్రం నిలబెట్టుకుని దుకాణానికి చేరగలిగేదన్నమాట.

నష్టపోయింది ఎవరు?

ఇలాంటి మోసం బయటపడగానే అందరి దృష్టీ సేంద్రియం అనుకుని డబ్బు పోసి కొన్నవాళ్ల మీదకు వెళ్తుంది. వాళ్లు మోసపోయిన మాట నిజమే. కానీ వాళ్లకంటే ముందే కూలిపోయినవాడు ఇంకొకడున్నాడు. అతను అమెరికా మధ్య రాష్ట్రాల్లో సోయా, మొక్కజొన్న పండించే సేంద్రియ రైతు.

అతను మూడేళ్లపాటు రసాయనాలు మానేశాడు. ఆ మూడేళ్లూ దిగుబడి తగ్గింది. అయినా పంటను మామూలు ధరకే అమ్ముకున్నాడు, ఎందుకంటే మార్పిడి కాలంలో 'ఆర్గానిక్' అని రాసుకోవడానికి వీల్లేదు. నాలుగో ఏడు ధర వస్తుందని అప్పు చేసి నిలబడ్డాడు. తీరా ఆ ఏడు వచ్చేసరికి సముద్రం అవతల నుంచి ఓడల కొద్దీ చవక సరుకు దిగింది. అతని కష్టానికి ఉన్న ధరను దొంగ కాగితం కోసుకుపోయింది. సేంద్రియ ధాన్యం రైతుల సహకార సంఘాల సమాఖ్య 'ఓఫార్మ్' ఈ దిగుమతుల మీద గొంతు చించుకుని చెప్పింది. పత్రికలో వచ్చేదాకా ఆ గొంతు ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఈ గాథలో గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. దొంగ ధ్రువపత్రం ముందుగా గాయపరిచేది నిజమైన ధ్రువపత్రం ఉన్న రైతునే.

తాళాలు బిగించిన అమెరికా

తర్వాత చట్టం కదిలింది. 2018 డిసెంబరులో వచ్చిన అమెరికా వ్యవసాయ చట్టం, దిగుమతులకు ఎలక్ట్రానిక్ ధ్రువపత్రం ఉండాలని ఆదేశించింది. సేంద్రియ నిబంధనల అమలును బిగించే కొత్త రూలు 2023 జనవరి 19న ప్రచురితమైంది. 2024 మార్చి 19 నుంచి అందరూ దాన్ని పాటించి తీరాలి.

ఇప్పుడు ఏ దేశం నుంచి వచ్చినా సరే, ప్రతి సేంద్రియ సరుకు వెంట దిగుమతి ధ్రువపత్రం ఉండాలి. దాన్ని ఎగుమతిదారు తనంతట తాను రాసుకోలేడు. అతన్ని తనిఖీ చేసే ధ్రువీకరణ సంస్థ అమెరికా ప్రభుత్వ డేటాబేస్‌లో దాన్ని పుట్టించాలి. కస్టమ్స్ కంప్యూటర్‌లో ఆ వివరాలు ఎక్కించాలి. దిగుమతిదారుకూ, ఎగుమతిదారుకూ, ఇద్దరి మధ్యా ఉండే దళారీలు, వ్యాపారుల్లో చాలామందికీ ధ్రువీకరణ తప్పనిసరైంది. ధ్రువీకరణ సంస్థలు ఏటా తమ కింద ఉన్నవారిలో కనీసం 5 శాతం మందిని ముందు చెప్పకుండా వెళ్లి తనిఖీ చేయాలి. ఇంత నేలలో ఇంత పండింది, ఇంత అమ్మారు, ఇంత మిగిలింది అన్న లెక్క కుదరాలి. సంచి మీది నంబరు పట్టుకుని వెనక్కి వెళ్తే పొలం దాకా దారి దొరకాలి.

స్టాక్టన్‌కు వచ్చిన ఆ సరుకు ఈ పరీక్షలన్నిటినీ దాటడం చాలా కష్టం. అయితే ఈ తాళాలు దొంగ ఒక్కడి ఇంటికే పడలేదు. ప్రపంచంలోని ప్రతి సేంద్రియ రైతు గుమ్మానికీ పడ్డాయి. మన గుమ్మానికి మరీ గట్టిగా పడ్డాయి. దానికి కారణం మన దగ్గరే ఉంది.

రెండేళ్లు కాకముందే నాలుగు దెబ్బలు

2020 సెప్టెంబరు. బెల్జియం అధికారులు యూరప్ ఆహార హెచ్చరికల వ్యవస్థలో ఒక సమాచారం పెట్టారు. భారత్ నుంచి వచ్చిన నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ ఉందని. ఆసుపత్రి పరికరాలను శుద్ధి చేయడానికి వాడే వాయువు అది. సాల్మొనెల్లా బ్యాక్టీరియాను చంపడానికి కొన్నిచోట్ల మసాలాలకూ గింజలకూ పట్టిస్తారు. యూరప్‌లో ఆహారానికి దాన్ని వాడటం నిషిద్ధం, ఎందుకంటే అది క్యాన్సర్ కారకం. నువ్వుల్లో కిలోకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదన్నది అక్కడి హద్దు. కొన్ని నమూనాల్లో అది వెయ్యి రెట్లకు మించి కనిపించింది. రొట్టెలు, బిస్కెట్లు, నువ్వులు చల్లిన చిరుతిళ్లు యూరప్ దుకాణాల అరల్లోంచి వెనక్కి వచ్చాయి. వాటిలో 'సేంద్రియ' ముద్ర ఉన్నవీ ఉన్నాయి. అక్టోబరులో ఐరోపా సమాఖ్య మన నువ్వుల సరుకుల్లో సగానికి సగం పరీక్షించాలని ఆదేశించింది.

అదే అక్టోబరు చివర. సేంద్రియ వస్త్రాలకు ప్రపంచ ప్రమాణం నిర్ణయించే 'గాట్స్' సంస్థ మరో గుట్టు విప్పింది. భారత్ నుంచి వచ్చిన 20 వేల టన్నుల పత్తికి లావాదేవీ పత్రాలు నకిలీవని తేలింది. ఆ పత్రాల మీద క్యూఆర్ కోడ్ ఉంది. ఫోన్‌తో స్కాన్ చేస్తే ప్రభుత్వ వెబ్‌సైటు తెరుచుకుని 'ఇది సక్రమమే' అంటుంది. కానీ ఆ వెబ్‌సైటే దొంగది. అసలు దాన్ని అచ్చుగుద్దినట్టు తయారుచేసి పెట్టారు. కాగితాన్ని సరిచూసుకోవడానికి వెళ్లే తలుపును కూడా దొంగలే కట్టారు. 11 కంపెనీలను ఆ సంస్థ తన ధ్రువీకరణ నుంచి వెలివేసింది.

2021 జనవరి. అమెరికా వ్యవసాయ శాఖ నుంచి కబురు. మన వాణిజ్య శాఖ కింది 'అపెడా' గుర్తింపు ఇచ్చిన సంస్థలు అమెరికా ప్రమాణానికి కూడా ధ్రువపత్రాలు ఇచ్చే ఏర్పాటు 2006 నుంచీ ఉండేది. దాన్ని రద్దు చేస్తున్నామని, భారత్‌లోని నియంత్రణ వ్యవస్థ సేంద్రియ సరుకు నిజాయతీని కాపాడటానికి చాలడం లేదని చెప్పేసింది. ఇచ్చిన గడువు 18 నెలలు. 2022 జులై 12 తర్వాత అమెరికాకు పంపాలంటే ఆ దేశం నేరుగా గుర్తించిన సంస్థ దగ్గరే మళ్లీ మొదటి నుంచి ధ్రువీకరణ తెచ్చుకోవాలి.

2021 డిసెంబరు. ఐరోపా సమాఖ్య వంతు. ఇథిలీన్ ఆక్సైడ్ వ్యవహారంలో సరైన చర్యలు తీసుకోలేదంటూ భారత్‌లో పనిచేసే ఐదు ధ్రువీకరణ సంస్థలను తన జాబితా నుంచి తొలగించింది. 2022 జనవరి 1 ఉదయానికి ఆ సంస్థల కింద ఉన్న రైతు బృందాల చేతిలోని పత్రానికి యూరప్‌లో విలువ లేకుండా పోయింది. వాళ్ల పొలంలో ఏమీ మారలేదు. నిన్నటి పశువుల పెంటే, నిన్నటి విత్తనమే, నిన్నటి చాకిరీయే. వాళ్లలో ఎక్కువమందికి ఇథిలీన్ ఆక్సైడ్ అనే మాట విన్న జ్ఞాపకం కూడా ఉండదు. ఆ వాయువు పట్టించేది పొలంలో కాదు, కోత తర్వాత ఎక్కడో శుద్ధి కేంద్రంలో.

లెక్కలు చూడండి. 2020-21లో మన సేంద్రియ ఎగుమతులు 8 లక్షల 88 వేల టన్నులు, విలువ 104 కోట్ల డాలర్లు. 2023-24 నాటికి అవి 2 లక్షల 61 వేల టన్నులకు, 49 కోట్ల డాలర్లకు పడిపోయాయి. సేంద్రియ సోయా పిండి మీద అమెరికా 2022లో వేసిన అదనపు సుంకాల వంటి కారణాలూ ఇందులో ఉన్నాయి. కానీ పోయిన నమ్మకానికి కట్టిన మూల్యం ఈ అంకెల్లో కనిపిస్తూనే ఉంది. 2024-25లో విలువ మళ్లీ 66 కోట్ల డాలర్ల పైకి లేచింది. పోయిన చోటు అప్పటికీ పూర్తిగా దక్కలేదు.

మన్యంలో ఒక మధ్యాహ్నం

ఈ ఓడలకూ, వాషింగ్టన్, బ్రస్సెల్స్ ఉత్తర్వులకూ అల్లూరి సీతారామరాజు జిల్లా కొండవాలుకు సంబంధం ఏమిటనిపించవచ్చు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంతకు రెండేళ్ల ముందే ప్యారిస్‌లో దాని పేరుతో దుకాణం తెరుచుకుంది. మన్యం తోటల్లో సిల్వర్ ఓక్ నీడన పెరిగే కాఫీ, ఆ చెట్లకే పాకే మిరియం సేంద్రియ పేరుతో విదేశాలకు వెళ్లాలంటే ఏం జరగాలో చూస్తే ఆ సంబంధం అర్థమవుతుంది.

చిన్న రైతు ఒక్కడే ధ్రువీకరణ ఖర్చు భరించలేడు. అందుకే 2001 నుంచి అమల్లో ఉన్న మన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం 'ఎన్‌పీఓపీ' రైతులు బృందంగా చేరడానికి వీలిచ్చింది. ఆ బృందం తనలోనే కొందరిని తనిఖీదారులుగా పెట్టుకుంటుంది. వాళ్లు ప్రతి సభ్యుడి తోటకూ వెళ్లాలి. బయటి సంస్థ వచ్చి వాళ్ల పని సరిగా ఉందో లేదో కొన్ని తోటలు ఎంచుకుని సరిచూస్తుంది. ఇలాంటి బృందాలున్న ఊళ్లలో, చదువుకున్న కుర్రాడు పుస్తకం పట్టుకుని తోటకు వచ్చినప్పుడు నడిచే మాటలు ఇంచుమించు ఇలా ఉంటాయి.

"మామా, మిరియం ఎండబెట్టిన పట్టా ఎక్కడిది?"

"ఇంట్లోదేరా. వానాకాలం బస్తాల మీద కప్పింది."

"ఏం బస్తాలు? యూరియావా?"

"మాకెక్కడిది యూరియా? వడ్ల బస్తాలు."

"కింద రాజ్మా చేను వాళ్లది మందు కొట్టే చేనే కదా. వాన నీళ్లు అటు నుంచి ఇటు వస్తాయా?"

"ఇటు నుంచే అటు పోతాయి. మనది ఎగువ కదరా."

"పిచికారీ డబ్బా ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చావా ఈ మధ్య?"

"కషాయం కొట్టడానికి తెస్తే? అదీ తప్పేనా?"

"అంతకుముందు అందులో మందు కలిపుంటే తప్పే మామా. బృందం డబ్బానే వాడాలి. రాస్తున్నా, ఏమనుకోకు."

ఆ చివరి మాటే ఈ వ్యవస్థకు ప్రాణం. సొంత మామ తోటలో కనిపించిన లోపాన్ని కూడా మేనల్లుడు రాయగలిగితేనే ఆ పుస్తకానికి విలువ. రాయకుండా వదిలేసిన లోపం ఒక పరీక్షశాలలో, ఒక సముద్రం అవతల, బృందం మొత్తం నెత్తిన పడుతుంది.

నేల మార్పిడికి ఏడాది పంటలకైతే విత్తడానికి ముందు రెండేళ్లు, కాఫీ వంటి బహువార్షిక పంటలకైతే కోతకు ముందు మూడేళ్లు. ఆ తర్వాత పంట అమ్మిన ప్రతిసారీ ఒక లావాదేవీ పత్రం పుట్టాలి. ఎంత నేల, ఎంత దిగుబడి, ఎంత అమ్మకం అన్నది అపెడా 2010లో తెచ్చిన 'ట్రేస్‌నెట్' వ్యవస్థలో నమోదవ్వాలి. యూరప్‌కు పంపాలంటే సరుకు మన గడ్డ వదలకముందే తనిఖీ ధ్రువపత్రం వాళ్ల ఎలక్ట్రానిక్ వ్యవస్థలో సిద్ధంగా ఉండాలి. ఓడ బయల్దేరాక చేద్దాంలే అంటే కుదరదు. అమెరికాకైతే ముందే చెప్పిన దిగుమతి పత్రం కావాలి. గోదాములో, కంటైనర్‌లో పురుగు పట్టకుండా మామూలు పురుగు మందు గోళీలు పెట్టకూడదు. కార్బన్ డయాక్సైడ్ వంటి అనుమతించిన పద్ధతులే వాడాలి. రైతు మూడేళ్ల కష్టాన్ని రేవులో ఒక్క గోళీ వమ్ము చేయగలదు.

ఇదంతా చేయలేక అసలు ఎగుమతి ఊసే ఎత్తని రైతులు మన దగ్గర లక్షల్లో ఉన్నారు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు, ఒకరి పొలానికి ఒకరు పూచీ పడే సామూహిక ధ్రువీకరణ పద్ధతికి దేశంలోనే దారి చూపినవాళ్లు. వాళ్ల చేలు ఎంత శుద్ధమైనా ఆ ధ్రువీకరణ దేశంలో అమ్మకానికే చెల్లుతుంది, ఎగుమతికి చెల్లదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సేద్యం చేస్తున్న రైతుల పరిస్థితీ అంతే. మందు మానేసినంత మాత్రాన సముద్రం దాటే హక్కు రాదు. మూడో మనిషి వచ్చి చూసి రాసిన పత్రం కావాలి.

ఒకప్పుడు పక్కింటివాడి మాటే చాలిన ఊళ్లో ఈ పత్రాలన్నీ ఎందుకని రైతు అడిగితే ఆ బాధలో న్యాయముంది. కానీ కొనేవాడు పక్కింట్లో లేడు. హాంబర్గ్‌లోనో, బాల్టిమోర్‌లోనో ఉన్నాడు. అతనికి మన రైతు ముఖం తెలియదు, తోట తెలియదు. అతను నమ్మగలిగింది ఆ పత్రాన్నే. అందుకే దాన్ని కల్తీ చేసినవాడు నీళ్లలో విషం కలిపినవాడితో సమానం. దాహమున్న ప్రతివాడికీ ఆ విషం తగులుతుంది.

పత్రం ఎవరి చేతిలో ఉండాలి?

2025 జనవరి 9న ఢిల్లీలో ఎన్‌పీఓపీ ఎనిమిదో కూర్పు విడుదలైంది. అందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఒకటే: రైతు బృందాలకు ఇకపై చట్టబద్ధమైన ఉనికి ఉండాలి. ఇన్నేళ్లూ చాలాచోట్ల బృందాన్ని నడిపింది, పత్రాన్ని తన దగ్గర ఉంచుకున్నది ఎగుమతి కంపెనీయే. రైతు పేరు జాబితాలో ఉండేది, పత్రం మాత్రం అతని చేతికి వచ్చేది కాదు. నచ్చని ధర చెప్పినా వేరొకరికి సేంద్రియమని అమ్ముకునే దారి ఉండేది కాదు. తన పేరు మీద ఎంత సరుకు అమ్మారో కూడా అతనికి తెలిసేది కాదు. పది క్వింటాళ్లు పండించిన రైతు పేరున వంద క్వింటాళ్లు అమ్మాలన్నా, ఆ రైతుకు తెలియకపోతేనే సాధ్యం.

ఐరోపా సమాఖ్య కొత్త నిబంధనలూ ఇదే దారిలో ఉన్నాయి. బృందం రైతులతోనే ఏర్పడిన చట్టబద్ధ సంస్థ కావాలి. సభ్యులు రెండు వేలు మించకూడదు. బయటి సంస్థ ఏటా కనీసం 5 శాతం మంది సభ్యులను మళ్లీ తనిఖీ చేయాలి, 2 శాతం మంది దగ్గర నమూనాలు తీయాలి. ఇవి చిన్న రైతుకు భారమే. కానీ ఆ భారంలోనే అతనికి ఒక హక్కు కూడా దాగి ఉంది. పత్రం అతనిది అవుతుంది.

ఆ హక్కును నిలబెట్టుకోవాలంటే మూడు పనులు జరగాలి. బృందం లెక్కలు ప్రతి సభ్యుడికీ తెలుగులో, అతనికి అర్థమయ్యేలా, ఏటా చదివి వినిపించాలి. తన పేరున ఎంత అమ్ముడైందో రైతుకు తెలియాలి. రెండోది, ఎగుమతిదారు పంట కొన్న చోటే, శుద్ధి కేంద్రానికి వెళ్లకముందే ఒకసారి, కంటైనర్ మూసేముందు ఒకసారి నమూనా పరీక్ష చేయించాలి. అప్పుడు విషం ఎక్కడ కలిసిందో దాచడానికి వీలుండదు. నింద రైతు మీదకు నెట్టడానికీ వీలుండదు. మూడోది, మార్పిడి కాలంలో తగ్గే దిగుబడికీ, ఏటా అయ్యే ధ్రువీకరణ ఖర్చుకూ ప్రభుత్వం నిలకడగా అండగా ఉండాలి. మొదటి ఏడు ఇచ్చి మూడో ఏడు ఆపేసే సాయం రైతును నడి ఏట్లో వదిలేసినట్టే.

వీటన్నిటికంటే పెద్ద పని ఇంకొకటి ఉంది, అది చట్టం చేయలేనిది. మన బృందంలో, మన గోదాములో, మన రేవులో తప్పు కనిపించినప్పుడు 'మనవాడే కదా' అని కళ్లు మూసుకోకపోవడం. స్టాక్టన్ సరుకును ఏ అధికారీ ఆపలేదు, ఒక పత్రిక బయటపెట్టింది. మన నువ్వుల్లోని వాయువును మన పరీక్షశాల కాదు, బెల్జియం పట్టుకుంది. ప్రతిసారీ ఎవరో బయటివాళ్లు పట్టుకున్నారు. వాళ్లకు మన దగ్గరి మంచివాడినీ చెడ్డవాడినీ వేరుచేసి చూసే ఓపిక లేదు, అవసరమూ లేదు. నకిలీ పత్రాన్ని పట్టుకునే పని బ్రస్సెల్స్‌కో, వాషింగ్టన్‌కో వదిలేస్తే వాళ్లు తలుపు మూసేది దేశం మొత్తానికి. ఆ పని మనమే చేస్తే పోయేది ఒక్క దొంగ సరుకే. మన్యంలో మూడేళ్లు కష్టపడిన రైతుకు మనం ఇవ్వగలిగిన రక్షణ అదే, ఇవ్వవలసిందీ అదే.